గులాబీలకి మంచినీళ్ళు

పోయిన నెల జగ్గయ్యపేట నుంచి ఇద్దరు పెద్దమనుషులు మా ఇంటికొచ్చారు. చిన్నప్పుడు మేం వెళ్ళిన చర్చివాళ్ళే. చర్చి చరిత్రంతా ఒక పుస్తకంగా వేస్తున్నారట. "మీ నాన్నగారి గులాబీ తోట గురించి రెండు పేజీలు రాసివ్వండమ్మా. ఈస్టరు నాడు బలిపీఠం నిండా ఆయన గులాబీలేనని మా అమ్మ చెప్పేది. ఆ ఎండల్లో అంత పువ్వు ఎట్టా పూయించారో మాస్టారు" అన్నారు అందులో పెద్దాయన. కాఫీ ఇచ్చి, రాస్తానని చెప్పి పంపించా. తర్వాత రెండుసార్లు రాసి చింపేశా. రెండుసార్లూ అందంగానే వచ్చింది. చదివినవాళ్ళు మా నాన్న ఎంత సుకుమారమైన మనిషో అనుకునేట్టు వచ్చింది. ఎండల్లో అంత పువ్వు ఎట్టా పూసిందో నాకు తెలుసు. డెబ్భై అయిదు దాటాక కూడా ఆ సంగతి మర్యాదగా దాచిపెట్టి రాస్తే నా అంత అబద్ధాలకోరు ఇంకొకరుండరు. అందుకే ఇది మూడోసారి రాస్తున్నా. వేసుకుంటే వేసుకుంటారు, లేకపోతే లేదు.

నాన్న మిషన్ బడి హెడ్మాస్టరు. మా ఇల్లు బడికీ చర్చికీ మధ్య, ఊరు అయిపోయి చేలు మొదలయ్యే చోట ఉండేది. పెంకుటిల్లు, ముందు వరండా, వరండా ముందు తోట. గేటు నుంచి మెట్ల దాకా దారికి రెండు పక్కలా నాపరాళ్ళు నిలువుగా పాతించి మడులు కట్టించారు నాన్న. ఆ మడుల్లో గులాబీలు. ఎర్రవి, పసుపువి, తెల్లవి, అంచుల్లో మాత్రం ఎరుపు దిగిన మీగడరంగువి. బెంగుళూరు నుంచి రైలు పార్సిల్లో గడ్డి చుట్టుకుని వచ్చిన అంటుమొక్కలు అవి. ప్రహరీ వెంట ఏళ్ళ తరబడి ఉండిపోయే మొక్కలు: నందివర్ధనం, విరజాజి, మల్లెపొదలు, మెట్టతామర, నేలసంపెంగ. మార్చి దాటి ఎండ ముదిరేసరికి పక్క పొలాల కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతూ ఉండేవి. పొద్దున్నే తలుపు తీస్తే ఒక పక్క నుంచి మల్లెల వాసన, ఇంకో పక్క నుంచి మిరప ఘాటు. ఈ రెండూ కాక మా ఇంటికి సొంత వాసన ఒకటుండేది. నూనె తీసేసిన వేరుశనగ చెక్కని కుండలో నానేసి, నాలుగు రోజులు కుళ్ళబెట్టి, ఆ నీళ్ళు పాదుల్లో పోసేవాళ్ళు. పోసేవాళ్ళు అంటే అమ్మ. ఆ కంపు అమ్మ చేతుల్ని వదిలేది కాదు. సబ్బుతో రుద్దుకున్నా, నిమ్మచెక్క రాసుకున్నా, నాకు అన్నం కలిపి ముద్ద పెట్టేటప్పుడు ముక్కుకి ముందు అదే తగిలేది. ఇప్పటికీ నాకు గులాబీ అంటే ఆ చెక్క కంపే.

గులాబీలు చలికాలం పూలు. మా వైపు ఎవరింట్లోనైనా క్రిస్మసుకి విరగబూసి, మార్చి వచ్చేసరికి పువ్వు చిన్నదైపోయి, రేకుల అంచులు మాడి, మొక్క మోడులాగా నిలబడుతుంది. నాన్న పంతం ఏంటంటే తన గులాబీ ఈస్టరుకి పూయాలి. ఊరంతా ఎండకి తలుపులు బిగించుకున్న రోజుల్లో తన మడుల్లో గుప్పెడంత పువ్వు నిలబడాలి. దానికోసం పందిరి గుంజలు పాతించి పడమటి వైపు తాటాకు తడికలు కట్టించేవారు. పొద్దునా సాయంత్రం పాదు నిండా నీళ్ళు పడాలి. నాన్న పొద్దున్నే స్నానం చేసి, తెల్లపంచె కట్టుకుని, చేతిలో చిన్న కత్తెరతో తోటలోకి దిగేవారు. ఒక్కో మొక్క దగ్గర వంగి, పాదులో చూపుడువేలు రెండో కణుపు దాకా గుచ్చేవారు. తీసి చూసుకునేవారు. మట్టి అంటుకుంటే ముందుకెళ్ళేవారు. అంటుకోకపోతే తల తిప్పకుండానే అమ్మతో, "మార్తా, వేలు తడవలేదు" అనేవారు. గొంతు పెంచేవారు కాదు. ఆయన జీవితంలో మా ఎవరి మీదా చెయ్యెత్తలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. ఊళ్ళో అందరూ ఆ మెత్తదనాన్ని చెప్పుకునేవాళ్ళు. ఆ మెత్తటి గొంతుకి ఎదురు చెప్పడం ఎంత కష్టమో మాకే తెలుసు. అరిచే మనిషి మీదైతే తిరిగి అరవొచ్చు.

మా పెరట్లో బావి ఉండేది. ఉప్పుబావి. ఆ నీళ్ళు పోస్తే గులాబీ ఆకులు అంచుల నుంచి పసుపెక్కి రాలిపోతాయి. అందుకని గులాబీలకి మంచినీళ్ళు కావాలి. మంచినీళ్ళబావి చేలల్లో ఉంది, అర మైలు పైనే. దిగుడుబావి. చలికాలం అయిదారు మెట్లు దిగితే నీళ్ళందేవి. ఎండలు ముదిరేకొద్దీ నీళ్ళు కిందకిపోయి, ఇరవై మెట్లు దిగాల్సొచ్చేది. అమ్మా, మా అక్క ఎస్తేరూ నెత్తి మీద ఒక బిందె, చంకలో ఒక బిందె పెట్టుకుని పొద్దున నాలుగు తడవలు, సాయంత్రం నాలుగు తడవలు తిరిగేవాళ్ళు. అందులో ఒక్క బిందె తాగడానికి ఇంట్లో ఉంచేవాళ్ళు. మిగతాదంతా మడులకే. మేం స్నానం చేసేది ఉప్పునీళ్ళతో. జుట్టు కొబ్బరిపీచులా అయ్యేది. అన్నం వండేది ఉప్పునీళ్ళతో. ఆ నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడికేది కాదు, పలుకు పలుకుగా నోట్లో నలిగేది. నాన్న కంచం ముందు కూర్చుని, "ఇవాళ కూడా పప్పు ఉడకలేదా" అని నెమ్మదిగా అడిగేవారు. అమ్మ మజ్జిగ వంపేది. సాయంత్రాలు చూడటానికి వచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని ఆయన ప్రతి మొక్క పేరూ చెప్పేవారు, ఏ మొక్కకి ఏ ఎరువు ఇష్టమో, ఏది ఎంత ఎండకి ఓరుస్తుందో చెప్పేవారు. అదే వేళకి అమ్మా అక్కా వాళ్ళ పక్కనించే బిందెలతో లోపలికొచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చేవాళ్ళు. దారివ్వడం తప్ప ఇంకేమీ చెయ్యాలని వాళ్ళకి తోచేది కాదు.

అక్క నాకంటే ఏడేళ్ళు పెద్ద. హైస్కూల్లో ఆఖరి క్లాసు, ఎస్సెల్సీ. మా చర్చి ఆడపిల్లల్లో అంతదాకా వచ్చింది అదే మొదలు. పాసైతే నర్సు ట్రైనింగుకి వెళ్ళాలని దాని కోరిక. తెల్లటి గౌను, తలమీద టోపీ, చేతికి గడియారం అని నాకు చెబుతూ ఉండేది. చదువుకోడానికి దానికి వేరే వేళంటూ లేదు కాబట్టి బావి దారిలోనే చదివేది. దాని చేతులు ఖాళీ ఉండవు కదా, పుస్తకం నేను పట్టుకుని పక్కన నడిచేదాన్ని. నేను ప్రశ్న చదవాలి, అది బిందె కింద నుంచి జవాబు చెప్పాలి. తప్పు చెబితే నేను పుస్తకం చూసి సరిదిద్దాలి. మనిషి ఒంట్లో ఎముకల పేర్లు, రక్తం తిరిగే దారి అన్నీ నాకు ఆ దారిలోనే వచ్చేశాయి. "నువ్వు కూడా పరీక్షకి కూచోవే, నాకంటే నీకే ఎక్కువ మార్కులొస్తాయి" అని నవ్వేది. నవ్వితే నీళ్ళు తొణికి మెడ మీద పడేవి. దానికే నాన్న మళ్ళీ వేలు గుచ్చి చూస్తారని ఇద్దరం భయపడేవాళ్ళం.

ఆ ఏడాది ఈస్టరు దాటిన మంగళవారం నుంచి అక్క పరీక్షలు. సెంటరు నందిగామలో. ఈస్టరు సాయంత్రం బస్సెక్కి నందిగామలో మా పిన్ని వాళ్ళింట్లో దిగాలని అనుకున్నారు. అదే ఏడాది ఈస్టరు ఆరాధనకి బెజవాడ నుంచి మిషన్ పెద్దాయన ఒకరు వస్తున్నారని కబురొచ్చింది. ఇక నాన్నకి నిద్ర లేదు. బలిపీఠం మొత్తం గులాబీలతో కప్పాలి, వేరే పువ్వు ఒక్కటి కనపడకూడదు. అమ్మకప్పుడు ఏడో నెల. మెట్లు దిగి ఎక్కలేక ఆయాసపడేది. అందుకని తడవల్లో సగానికి పైగా అక్క మీదే పడ్డాయి. ఒకరోజు పొద్దున నాన్న కాఫీ తాగుతుంటే అమ్మ తలుపు దగ్గర నిలబడి అంది, "ఏమండీ, ఈ పది రోజులు పిల్లని వదిలెయ్యండి. పరీక్షలు దానికి."

"పరీక్షలు రాయొద్దని ఎవరన్నారు? చదవాల్సింది ఏడాదంతా. పొద్దునా సాయంత్రం కాస్త నడిస్తే చదువు పోతుందా?"

"పోనీ నీళ్ళకి ఎవర్నన్నా కుదర్చండి. నేను దిగలేకపోతున్నా."

నాన్న గ్లాసు కింద పెట్టారు. "దేవుడికిచ్చేది మన చేత్తో చేసిందై ఉండాలి మార్తా. కూలికి తెచ్చిన నీళ్ళతో పెంచి ఆయనకి పెడతామా?" అన్నారు. అంతే మెత్తగా. మన చేత్తో అన్నారు. ఆయన చేతుల వంక చూశా నేను. శుభ్రంగా, గోళ్ళు కత్తిరించుకుని, కత్తెర పట్టుకున్న చోట చిన్న కాయ తప్ప ఇంకే గుర్తూ లేని చేతులు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. పదేళ్ళ పిల్లకి ఏమనిపిస్తుంది. నాకు కోపం రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. వచ్చింది మాత్రం మళ్ళీ పోలేదు.

ఈస్టరు ముందు శనివారం పొద్దున అక్కా నేనూ మూడో తడవకి వెళ్ళాం. మొగ్గలన్నీ విచ్చడానికి సిద్ధంగా ఉన్నాయి, ఆ రోజు నీళ్ళు తగ్గకూడదని నాన్న గట్టిగా చెప్పారు. నేను పైన గట్టు మీద పుస్తకం తెరిచి కూర్చున్నా. అక్క కిందకి దిగింది. కింది మెట్లు ఎప్పుడూ నీళ్ళలో ఉండేవే, ఆ ఎండలకి బయటపడి పాచితో జారుతున్నాయి. బిందె ముంచి భుజానికెత్తుకుని రెండు మెట్లు ఎక్కింది. మూడో మెట్టు మీద కాలు జారింది. అరవలేదు. బిందె రాళ్ళ మీద దొర్లుతున్న చప్పుడే నాకు ముందు వినపడింది. తొంగి చూస్తే అక్క మెట్ల మీద వెల్లకిలా పడుంది, కుడిచెయ్యి ఒంటి కింద ఇరుక్కుంది. నేను దిగబోతే, "దిగకే, జారతావు. నాన్నని పిలు" అంది.

పరిగెత్తుకెళ్ళి చెబితే నాన్న వెంటనే వచ్చారు. ఆ మాట చెప్పాలి. పంచె ఎగ్గట్టి ఆ మెట్లన్నీ దిగి, అక్కని రెండు చేతులమీద ఎత్తుకుని ఇంటిదాకా తెచ్చారు. మంచం మీద పడుకోబెట్టి, తల నిమిరి, పక్కన మోకరించి ప్రార్థన చేశారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నేను చూశా. కట్టు కట్టే ఆయనకి కబురు పెట్టారు. ఆయనొచ్చి చెయ్యి లాగి సరిచేసి, కోడిగుడ్డు సొనా మినప్పిండీ కలిపి పట్టువేసి, వెదురుబద్దలు పెట్టి మణికట్టు నుంచి మోచేతి దాకా బిగించాడు. లాగినప్పుడు అక్క పెదవి కొరుక్కుంటే నెత్తురొచ్చింది. "ఆరు వారాలు కదపకూడదమ్మా" అని చెప్పి వెళ్ళాడు. కుడిచెయ్యని అక్కకి తెలుసు, మంగళవారం అని దానికి తెలుసు. గోడవైపు తిరిగి పడుకుంది. నాన్న కాసేపు మంచం పక్కన నిలబడి బయటికెళ్ళారు. కిటికీలోంచి చూశా. మడి దగ్గర వంగి పాదులో వేలు గుచ్చుతున్నారు. తర్వాత నన్ను పిలిచి, భుజం మీద చెయ్యేసి అడిగారు, "సుగుణా, నువ్వు చిన్న బిందెతో రెండు తడవలు తేగలవా అమ్మా? పైమెట్టు మీదే ఉండు, ఎవరన్నా వస్తే ముంచి ఇమ్మను."

తెచ్చా. రెండు కాదు, సాయంత్రం దాకా తెచ్చా. నాన్న నన్ను అడిగారని, నేను పెద్దదాన్నయ్యానని గొప్పగా తెచ్చా. మర్నాడు పొద్దున బలిపీఠం కనపడనన్ని గులాబీలు. తెల్లవారుజామునే కోసిన ఎర్రవీ పసుపువీ కలిపి, చర్చి గుమ్మంలోకి రాగానే వాసన కొట్టేట్టు. బెజవాడ నుంచి వచ్చినాయనకి ఇచ్చే గుత్తి నా చేతికిచ్చారు. తెల్లగౌను వేసుకుని అందరిలోంచి నడిచి వెళ్ళి ఇచ్చా. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, ఇంత ఎండలో ఇంత పువ్వు పూయించిన విశ్వాసం గురించి ప్రసంగంలో చాలాసేపు చెప్పారు. నాన్న తల వంచుకుని విన్నారు. అందరూ నాన్న వైపు చూస్తుంటే నాకు ఒళ్ళు ఉప్పొంగింది. ఇంట్లో వెదురుబద్దల చెయ్యితో మంచం మీదున్న అక్క ఆ రెండు గంటల్లో నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నాన్న మీద కోపమని ఇందాకట్నుంచీ రాస్తున్నా గానీ, అందులో నా వాటా నాకుంది.

సోమవారం పొద్దున అమ్మ నీళ్ళకి పోలేదు. వరండాలో చేట ముందేసుకుని బియ్యం ఏరుతూ కూర్చుంది. నాన్న తోటలో తిరిగి, వేలు గుచ్చి, అలవాటు ప్రకారం "మార్తా, వేలు తడవలేదు" అన్నారు. అమ్మ తలెత్తలేదు.

"కడుపులో ఒకటుంది, మంచం మీద ఒకటుంది. మీ గులాబీలకి మీరే పోసుకోండి" అంది.

అమ్మ నోట అలాంటి మాట అంతకు ముందు మేమెవరం వినలేదు. నాన్న లోపలికెళ్ళి బిందె తీసుకుని, పైపంచె తలకి చుట్టుకుని బావి దారి పట్టారు. నేను గేటు దగ్గర నిలబడి చూస్తున్నా. ఇప్పుడు అమ్మ గెలిచిందని మీరనుకుంటారు. నేనూ అనుకున్నా. నాన్న ఒక్క బిందె భుజాన పెట్టుకుని తిరిగొస్తుంటే, సగం దారిలో మా సంఘపెద్ద సామ్యేలుగారు ఎద్దులబండి మీద ఎదురొచ్చారు. చూడగానే బండి ఆపి దిగి బిందె లాక్కున్నారు. "ఇదేంటి మాస్టారూ, మీరు నీళ్ళు మొయ్యడమేంటండీ. మేమంతా చచ్చామా? ఒక్క మాట చెబితే పోయేదానికి" అన్నారు. ఆ సాయంత్రమే ఆయన బండి, బండి మీద పెద్ద పీపా, పీపా నిండా మంచినీళ్ళు మా గేటు ముందు ఆగాయి. మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చింది. ఆ ఎండాకాలమంతా వచ్చింది. ఆ తర్వాత ప్రతి ఎండాకాలం వచ్చింది. ఏళ్ళ తరబడి మా అమ్మా అక్కా అదే దారిలో, అదే సామ్యేలుగారి బండికి ఎదురుగా, నెత్తి మీద ఒకటి చంకలో ఒకటి పెట్టుకుని నడిచారు. ఎన్నిసార్లు ఆ బండికి దారివ్వడానికి ముళ్ళలోకి దిగి నిలబడ్డామో నాకు గుర్తే. ఆయన మంచివాడే. ఆడవాళ్ళు నీళ్ళు మోస్తుంటే ఆయనకి నీళ్ళు మోస్తున్న ఆడవాళ్ళే కనిపించారు. మాస్టారు ఒక్క బిందె మోసేసరికి లోకం తలకిందులైనట్టు కనిపించింది.

మంగళవారం అక్క పరీక్షకి పోలేదు. వేరే ఎవరన్నా దాని తరఫున రాయడానికి అర్జీ పెట్టొచ్చేమో అని అమ్మ అడిగింది. "ఇంత తక్కువ వ్యవధిలో ఒప్పుకోరు మార్తా. సెప్టెంబరులో రాస్తుందిలే" అన్నారు నాన్న. ఒప్పుకుంటారో లేదో నాకిప్పటికీ తెలీదు. ఆయన కాగితం మీద పెన్ను పెట్టలేదన్నది మాత్రం తెలుసు. సెప్టెంబరు నాటికి తమ్ముడు పుట్టాడు, అమ్మ లేవలేకపోయింది, ఇల్లంతా అక్క మీద పడింది. చెయ్యి కూడా సరిగా అతుక్కోలేదు, మణికట్టు దగ్గర వంకర తిరిగింది. రెండేళ్ళకి పెళ్ళి చేసుకుని నందిగామ వెళ్ళింది. బావ మంచివాడే. కొన్నాళ్ళకి అక్కడే ఒక ఆస్పత్రిలో ఆయాగా చేరింది. నర్సు కావాలనుకున్న మనిషి ముప్పై ఏళ్ళు నర్సుల వెనక బేసిన్లు పట్టుకుని తిరిగింది. కొత్తగా వచ్చిన నర్సుపిల్లలకి ఎముకల పేర్లు గుర్తు రాకపోతే అక్కే చెప్పేదట. దాని దగ్గర కూర్చుని ఎన్నోసార్లు అడిగా, నీకు కోపం రాదా అని. "వస్తే ఎక్కడ పెట్టుకోనే? పొద్దున్నే డ్యూటీ. నీది బడి ఉద్యోగం, సెలవులున్నాయి. నువ్వు తెచ్చుకో ఆ కోపం" అనేది. మూడేళ్ళ కిందట పోయింది.

నేను మాత్రం చదువుకున్నా. దిగుడుబావి దారిలో దానికోసం చదివిన ప్రశ్నలు తర్వాత నాకు పనికొచ్చాయి. టీచరునయ్యా, పెన్షను తింటున్నా. ఇప్పుడు మా ఇంట్లో స్విచ్చి వేస్తే డాబా మీదకి నీళ్ళెక్కుతాయి. ఎవరూ మోసే పని లేదు. నందిగామ నుంచి కంచికచర్ల వైపు బస్సులో పోతుంటే రోడ్డు పక్కన నర్సరీల్లో మొగ్గతో సహా గులాబీ కుండీలు వరసగా పెట్టి అమ్ముతున్నారు. రోజులు మారాయని అందరూ అంటారు, నేనూ అంటా. కానీ పొద్దున్నే డాబా మీద నుంచి చూస్తే మా వీధిలో కుండీలకి నీళ్ళు పోసేది ఎవరో కనిపిస్తుంది. ఎదురింటాయన ఆదివారం ఆ పూల ఫోటోలు ఫోన్లో పెడతాడు, మా తోటలో ఇవాళ పూసినవి అని. కింద వందమంది మెచ్చుకుంటారు. ఆయన భార్య అప్పుడు వంటింట్లో ఉంటుంది.

అమ్మ పోయాక నాన్న తన చివరి నాలుగేళ్ళూ నందిగామలో నా దగ్గరే ఉన్నారు. ఎనభై దాటాయి, చూపు తగ్గింది, గొంతు ఇంకా మెత్తనైంది. ఒక ఎండాకాలం సాయంత్రం డాబా మీద ఆయనా, నేనూ, డ్యూటీ దిగి వచ్చిన అక్కా కూర్చున్నాం. ఆయన చర్చివాళ్ళ సంగతులు చెబుతూ చెబుతూ సామ్యేలుగారి పేరెత్తారు. ఎంత మంచిమనిషి, అడక్కుండానే అన్నేళ్ళు బండి నీళ్ళు తోలాడు అన్నారు. నేను అప్పటిదాకా ఆయన్ని ఏదీ అడగలేదు. ఆ రోజు అడిగా.

"ఆ బండి ముందే అడిగుండొచ్చు కదా నాన్నా? అక్క పడకముందు. ఒక్క మాటే కదా. ఎందుకడగలేదు?"

అక్క నా మోకాలు మీద చెయ్యేసి నొక్కింది, వద్దన్నట్టు. వంకర చెయ్యే. నాన్న చాలాసేపు ఆలోచించారు. తప్పించుకోవాలని కాదు, నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించారు. ఆయన ముఖంలో అది కనిపించింది.

"అవసరం అనిపించలేదమ్మా" అన్నారు. "నీళ్ళు వస్తూనే ఉన్నాయి కదా."